రాయి అడుగున పదకొండు గిన్నెలు

హామిల్టన్‌లో ఫ్లాటు ఖాళీ చేసి అద్దె ఇంటికి మారిన వారం మా ఆవిడ వంటింటి డబ్బాలు విప్పలేదు, పరుపులు సర్దలేదు. ముందు చేపల తొట్టి నిలబెట్టాలంది. నాలుగడుగుల గాజు తొట్టి, ఉప్పునీళ్ళది. బకెట్లలో తెచ్చిన రాళ్ళను ఒక్కొక్కటే తీసి నీళ్ళలో పేరుస్తుంటే నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. పాత ఇంట్లో ఏ రాయి ఎక్కడ ఉండేదో, దేనికి ఏ వైపు పైకి ఉండేదో ఇద్దరికీ గుర్తులేదు. కదలకుండా నిలబడితే చాలనుకున్నాం.

మూడోరోజు ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతుంటే లోపల్నుంచి కేక.

"ఏవండీ, ఇటు రండి. బూట్లు తర్వాత విప్పుదురుగాని."

తొట్టి మధ్యలో అరచేయంత రాయి. దాని మీద బఠాణీ గింజంత గుండ్రటి గిన్నెలు, లేత గోధుమరంగువి, గుంపుగా. అంచులు కాస్త ఎర్రన.

"పదకొండున్నాయి," అంది. "ఇవి మనం పెట్టలేదు."

తాకి చూస్తే గట్టిగా, గరుగ్గా ఉన్నాయట. అంటే రాతి పగడం. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం కాదు. ఒంటికింద సున్నంతో గిన్నె కట్టుకుని, అందులో కూర్చుని బతికే మెత్తటి జీవి. జీవి చచ్చిపోతే గిన్నె మిగులుతుంది.

అప్పటికి మేం న్యూజిలాండ్ వచ్చి నాలుగేళ్ళు. రెండువేల ఆరో, ఏడో. మా ఆవిడ మా ఊళ్ళో జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్ళు బోటనీ చెప్పింది. ఇక్కడ పాఠాలు చెప్పాలంటే మళ్ళీ చదవమన్నారు. ఆసుపత్రి రికార్డుల విభాగంలో చేరింది. నేను ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఇరవై రెండేళ్ళు పనిచేసి వచ్చాను. ఇక్కడ పాడి రైతులకు మందులూ సామాన్లూ అమ్మే ఒక సంస్థలో, డబ్బాల మీద వేసే లేబుళ్ళు తప్పుల్లేకుండా చూడటం నా ఉద్యోగం. ఆవు పొదుగుకు రాసే మందు ఎన్ని రోజులు రాయాలో నాకంటే బాగా మా వాయికాటో ప్రాంతంలో ఎవరికీ తెలియదని మా ఆవిడ ఎగతాళి చేసేది.

తొట్టి మాకు మూడేళ్ళ కిందట టౌరంగాలో ఒక పెద్దాయన ఇచ్చాడు. చిన్న ఇంటికి మారుతూ, నీళ్ళతో రాళ్ళతో సహా తీసుకుపొమ్మన్నాడు. అందులో ఉన్న రెండు చేపలూ, నాలుగు పగడాలూ ఆయన ఎంచి పెట్టుకున్నవే. మా ఆవిడ వాటిని శుభ్రంగా చూసుకునేదిగాని, "ఎవరి పిల్లల్నో ట్యూషన్‌కి కూర్చోబెట్టుకున్నట్టుంది" అనేది. ఇప్పుడు దొరికింది అలా కాదు. ఎవరూ పెట్టకుండా, ఎవరికీ తెలియకుండా పెరిగింది.

"ఇది నా తొట్టిలో పుట్టింది," అంది. పేరు కనుక్కోవాలి, పేరు తెలిస్తే ఎలా పెంచాలో తెలుస్తుంది అని ఆ రాత్రే ఒక నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో బొమ్మ వేసింది. కింద పదకొండు అని రాసింది. ఇకమీదట ప్రతి ఆదివారం లెక్క.

నాలుగో ఆదివారానికి పది. మార్చి ఆఖరుకు తొమ్మిది. పోయిన గిన్నెల్లో మెత్తటి జీవి కరిగిపోయి, తెల్లటి సున్నం తేలి, దాని మీద పచ్చటి నాచు పట్టింది. రికార్డుల విభాగం నుంచి ఇంటికి రాగానే చెప్పులతోనే తొట్టి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. అన్నం దగ్గర కూర్చుని కూడా అటే చూసేది.

"ఇలాగైతే చలికాలం దాటదండీ. మీరు విలేకరి కదా. ఒక్క పేరు కనుక్కోలేరూ?"

పేరు కనుక్కోవడం నా పని. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఒకరు చెబితే అది మాట. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు చెబితే అది వార్త. కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాతో, తొట్టి లైట్లు దేదీప్యమానంగా వెలుగుతుండగా ఒక ఫోటో తీశాను. పగడాలు పెంచేవాళ్ళు రాసుకునే ఇంటర్నెట్ చర్చావేదికలు మూడింటిలో పెట్టాను. వారంలో మూడు జవాబులొచ్చాయి. ఒకటి క్వీన్స్‌లాండ్ నుంచి, ఒకటి అమెరికా నుంచి, ఒకటి క్రైస్ట్‌చర్చ్ నుంచి. ముగ్గురూ ఒకే పేరు రాశారు. అది క్యాండీ కేన్ అనే పగడం పిల్ల, వెలుతురు చాలక నీరసించింది, లైటు పెంచండి.

ఇద్దరు కావాల్సిన చోట ముగ్గురు. నేను డెస్కులో ఉన్నప్పుడైతే మొదటి పేజీకి పంపేవాణ్ణి.

మా ఆవిడకు ఆ జవాబు ఎంత నచ్చిందో చెప్పలేను. చాలా పగడాల ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. వెలుతురుతో వంట చేసుకుని, ఇల్లిచ్చినందుకు పగడానికి కూడా పెడుతుంది. "చూశారా, సగం బోటనీయే," అని ఆవిడ ఎప్పుడూ అనేది. ఈ పెంపకం మొదలుపెట్టడానికి కారణం కూడా అదే. మా ఇద్దరిళ్ళలోనూ గుడ్డు ముట్టరు. కుక్కను పెంచితే మాంసం తేవాలి, పిల్లిని పెంచితే చేపల డబ్బా తేవాలి. పగడమైతే లైటు వేస్తే చాలు. చేపలకు పెట్టే గింజల డబ్బా మీద సముద్రపు నాచు బొమ్మ ఉంది.

కొత్త ట్యూబ్‌లైట్లు రెండు బిగించాం. రాయిని ఇంకాస్త పైకి జరిపాం. ఏప్రిల్‌లో ఎనిమిది. మే నెలలో ఏడు.

"మొక్కకు ఎండ ఎక్కువైనా వాడుతుంది," అంది ఒక ఆదివారం నోట్‌బుక్ మూస్తూ. "కానీ ముగ్గురు చెప్పారుగా." అందులో నన్ను తప్పుపట్టడం లేదు. అదే కష్టంగా ఉంది.

మే నెలలోనే మా అత్తగారు ఎండలు తప్పించుకోవడానికి విజయవాడ నుంచి మా చలిలోకి వచ్చారు. మొదటి వారమంతా శాలువా కప్పుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, వేడిగాలి ఊదే హీట్ పంప్ కింద కూర్చున్నారు. ఐదింటికి లేచే అలవాటు. ఇక్కడ జూన్‌లో ఏడున్నరకుగాని తెల్లవారదు. తొట్టి లైట్లు తొమ్మిదికి గాని వెలగవు, టైమర్ పెట్టాం. చీకట్లోనే కాఫీ కలుపుకుని, హాల్లో తొట్టి పక్కన కుర్చీ వేసుకుని జపం చేసుకునేవారు. అక్కడ గోరువెచ్చగా ఉంటుందట.

ఒకరోజు ఇడ్లీలు తింటుంటే అన్నారు. "ఏమే, నీ రాయి మీద పొద్దున్నే పూలు పూస్తున్నాయే. లైటు పడగానే ముడుచుకుంటున్నాయి."

"నిద్రమత్తులో చూసుంటావమ్మా."

"నాకు మత్తేంటే? నేను లేచి రెండు గంటలైతే మీరు లేస్తారు. వంటింటి లైటు వెలుతురు పడుతుందిగా, స్పష్టంగా కనపడుతోంది. చామంతి రేకల్లా సన్నగా."

మా ఆవిడ ఇడ్లీ వదిలేసి తొట్టి వైపు చూసింది. అప్పుడు తొమ్మిది దాటింది. ఏడు గిన్నెలూ ముడుచుకుని గోధుమరంగు బొత్తాముల్లా ఉన్నాయి. నేను ఫోటో తీసిన రోజూ అలాగే ఉన్నాయి.

మర్నాడు ఆరింటికి ముగ్గురం చీకట్లో గాజుకు ముక్కులు ఆనించి కూర్చున్నాం. వెలుతురుకు బెదరకుండా టార్చి కొనకు పల్చటి ఎర్ర కాయితం చుట్టాను. బొత్తాముల్లేవు. ఒక్కో గిన్నె చుట్టూ గాజుపోగుల్లాంటి చేతులు చాచుకుని ఉన్నాయి. కొన చివర తెల్లటి చుక్క. నీళ్ళతో పాటు ఊగుతున్నాయి. ఏదో వెతుకుతున్నట్టున్నాయి.

"చెప్పానా," అన్నారు అత్తగారు.

మా ఆవిడ టార్చి అందుకుని ఒక్కో గిన్నె దగ్గరా చూసింది. తర్వాత మెల్లగా అంది. "వెలుతురు కావాల్సినది వెలుతురు చూసి ముడుచుకోదు."

ఆ రోజు ఆఫీసు భోజన విరామంలో ఆ మూడు జవాబులూ మళ్ళీ తెరిచాను. ఈసారి తీరిగ్గా, డెస్కులో కాపీ దిద్దేవాడిలా చదివాను. క్వీన్స్‌లాండ్ మనిషి పోలిక కోసం ఒక ఫోటో జతచేశాడు. అమెరికా మనిషీ అదే ఫోటో. క్రైస్ట్‌చర్చ్ మనిషీ అదే. మొదటివాడి మాట చూసి మిగతా ఇద్దరూ తలూపారు, అంతే. మా జిల్లా డెస్కులో ఇది రోజూ చూసిందే. రెండు పత్రికల మండల విలేకరులు ఒకే మోటార్ సైకిల్ మీద వెళ్ళి, ఒకే టీకొట్లో కూర్చుని, ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాసేవారు. కాలవలో బస్సు పడితే గాయపడ్డవాళ్ళ సంఖ్యలో రెండు పత్రికల్లోనూ ఒకే తప్పు వచ్చేది. పొద్దున్నే ఎడిటర్ పిలిచి, ఇద్దరూ ఒకటే రాశారంటే నిజమనుకున్నావా అని అడిగేవాడు. ఇరవై రెండేళ్ళు ఆ మాట పడ్డవాణ్ణి, సముద్రాలు దాటొచ్చి అదే గోతిలో పడ్డాను. అసలు ముగ్గురికీ మూలం నేను తీసిన ఆ ఒక్క ఫోటో. అందులో పగడం తలుపు వేసుకుని ఉంది.

ఆక్లాండ్‌లో చేపల తొట్లు పెంచేవాళ్ళ క్లబ్బు ఒకటి నెలకోసారి కలుస్తుందని తెలిసి ఫోను చేశాను. పగడాల సంగతి చూసేది ఒక రిటైరైన సైన్సు టీచరమ్మ. ఫోటో పంపనా అంటే నవ్వింది.

"ఫోటో చూసి పగడానికి పేరు చెప్పడమంటే చొక్కా చూసి మనిషి పేరు చెప్పడమే. నాకు ఎముక కావాలి. చచ్చిపోయిన గిన్నె ఏదైనా ఉందా?"

నాలుగున్నాయి. మా ఆవిడ స్క్రూడ్రైవర్‌తో రెండింటిని అడుగు పెచ్చుతో సహా ఊడదీసింది. బట్టల బ్లీచ్‌లో రెండు రోజులు నానేసి, కడిగి ఆరబెడితే పంచదారలా తెల్లగా తేలాయి. ప్రెస్సులో రంగుల అచ్చు చుక్కలు చూసుకునే భూతద్దం నా దగ్గర ఇంకా ఉంది. దాని కింద పెట్టి చూస్తే గిన్నె అంచు నుంచి మధ్యకు సన్నటి పలకలు, ఒక పెద్దది, ఒక చిన్నది, మళ్ళీ పెద్దది. అత్తగారు కూడా చూసి, "జంతికల గొట్టంలో వేసే నక్షత్రం బిళ్ళలా ఉందే" అన్నారు.

శనివారం ముగ్గురం బయల్దేరాం. ఆక్లాండ్‌లో మనవాళ్ళ కొట్లుండే శాండ్రింగ్‌హామ్‌లో కరివేపాకూ, మినప్పప్పూ, అత్తగారికి తమలపాకులూ కొనుక్కుని క్లబ్బు హాలుకు వెళ్ళాం. టీచరమ్మ అగ్గిపెట్టెలోంచి గిన్నెల్ని తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. తిప్పి తిప్పి చూసింది. మా ఆవిడ చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడింది.

"క్యాండీ కేన్ కాదు," అంది టీచరమ్మ. "దాని పిల్ల ఇంత సన్నగా ఉండదు. పైగా అది పెరిగేటప్పుడు ఒక నోరు రెండుగా చీలుతుంది. ఇది ఎలా పెరుగుతోంది? మీరు చూశారా?"

మా ఆవిడ చేతులు జేబుల్లోంచి వచ్చాయి. "చీలదు. గిన్నె అడుగు నుంచి రాయి మీద సన్నటి పొర పాకుతుంది. ఆ పొర మీద కాస్త దూరంలో ఇంకో గిన్నె లేస్తుంది. గరిక పాకి కణుపు దగ్గర మళ్ళీ మొలిచినట్టు."

టీచరమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆవిణ్ణి చూసింది. "మీరేం చేస్తుంటారు?"

"బోటనీ టీచర్‌ని," అంది మా ఆవిడ. రికార్డుల విభాగం మాట ఎత్తలేదు.

తర్వాత పావుగంట వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. తేలింది ఇది. ఇవి చిన్న గిన్నె పగడాలు. రాళ్ళ అడుగున, నీడలో పాకుతాయి. వీటి చుట్టాలు ఈ దేశపు ఉత్తర తీరంలో కూడా రాళ్ళ కింద ఉంటాయి. ఒంట్లో నాచు ఉండదు. వెలుతురుతో పనిలేదు. జాతి పేరు ఫలానా అని రెండు గిన్నెలు చూసి చెప్పలేను, చెబితే అబద్ధమవుతుంది అంది. నాకు ఆ మాట భలే నచ్చింది.

"మీరు ఇల్లు మారకముందు ఇది రాయి అడుగునే ఉండి ఉంటుంది. మీరు తిరగేశారు," అంది. "సరే, ఏం పెడుతున్నారు దీనికి?"

"లైటు," అంది మా ఆవిడ.

"తిండి అడుగుతున్నాను. ఇవి మాంసం తింటాయి. రొయ్య ముక్క, చేప ముక్క. ఇన్నాళ్ళూ చేపలకు వేసిన దాంట్లోంచి అడుగుకు రాలింది తిని బతికుంటాయి. ఇప్పుడు పైన పస్తులున్నాయి."

మా ఆవిడ ముఖం చూడలేక నేను టీ తెస్తానని వెళ్ళాను.

కారు మోటార్‌వే ఎక్కి, ఆక్లాండ్ శివార్లలో బాంబే అనే ఊరి కొండలు దాటింది. అప్పుడు మా ఆవిడ అంది. "మన చేపలు నాచు గింజలే తిని బతుకుతున్నాయిగా. ఇదీ అలవాటు పడదా?"

ఇక దాచడం కుదరదు. ఆ డబ్బా వెనక ఉన్న చిన్న అక్షరాలు నేను కొన్న రోజే చదివాను. అక్షరాలు కనిపిస్తే చదవకుండా ఉండలేను.

"ఆ గింజల్లో మొదటి సరుకు చేపల పొడి," అన్నాను. "రెండోది రొయ్యల పొడి. నాచు ఎనిమిదోది."

"మీకెప్పట్నుంచి తెలుసు?"

"కొన్నప్పట్నుంచి."

"మూడేళ్ళు!"

"నువ్వు సంతోషంగా ఉన్నావు కదా అని..."

"ఊళ్ళో ఆవుల మందులకి తప్పులు పడితే నిద్రపోరు. ఇంట్లో డబ్బా మీద మాత్రం నోరు మెదపరు. రోజూ చేత్తో వేసి, అదే చేత్తో దేవుడికి దీపం పెట్టాను."

వెనక సీట్లోంచి అత్తగారి గొంతు. "చెయ్యి కడుక్కునే పెట్టావుగా."

"నువ్వుండమ్మా."

"ఉండనే. మడి నాకు గాని దానికెందుకే? దాని తిండి దానికి పెట్టకుండా మన తిండి తినమంటే అదెలా బతుకుతుంది? ఎన్ని మిగిలాయి?"

"ఏడు."

"ఆ ఏడింటికి పెట్టు. నా వంటింట్లోకి మాత్రం రానివ్వను. గ్యారేజీలో కోసుకోండి." ఆ వంటిల్లు ఎవరిదో నేను అడగలేదు.

మా ఆవిడ హామిల్టన్ వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మా వీధి మలుపులో మాత్రం ఇటు తిరిగి, "కోసేది మీరు. మూడేళ్ళకు శిక్ష," అంది.

సూపర్‌మార్కెట్‌లో చేపల కౌంటరు వైపు నేను అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. ఐసు మీద పరిచిన వాటి మధ్య రొయ్య ఏదో కనుక్కోవడానికి కాస్త సమయం పట్టింది.

"రెండు ఇవ్వండి," అన్నాను.

"రెండు కిలోలా?"

"రెండు రొయ్యలు."

కౌంటరు కుర్రాడు నన్నూ, నా వెనక శాలువా కప్పుకున్న అత్తగార్నీ మార్చి మార్చి చూశాడు. "పెద్ద పార్టీయా మేట్?" అన్నాడు. రెండూ సంచిలో వేసి ఇచ్చాడు.

నీడ కోసం రాయిని మళ్ళీ తిరగేస్తే చూడలేం, తిండి పెట్టలేం. అందుకని పెద్ద రాయి ఒకటి దాని మీదకు వాల్చి గుహలా చేసింది మా ఆవిడ. ఆదివారం పొద్దున్న ఆరింటికి గ్యారేజీలో, చేతులకు ప్లాస్టిక్ తొడుగులేసుకుని, పాత బ్లేడుతో రొయ్యను ఆవగింజంత ముక్కలు చేశాను. చేతులు కొంకర్లు పోయాయి. చలికో, పనికో తెలియదు. గిన్నెలో తెచ్చిస్తే ఆవిడ ఊపిరి బిగబట్టి పొడవాటి డ్రాపర్‌లోకి పీల్చింది. ఎర్ర కాయితం చుట్టిన టార్చి అత్తగారి చేతిలో ఉంది.

మొదటి ముక్క గిన్నె పక్కన పడింది. రెండోది సరిగ్గా చేతుల మధ్య ఆగింది. అరనిమిషం ఏమీ జరగలేదు. తర్వాత గాజుపోగుల్లో ఒకటి వంగింది. దాని పక్కది వంగింది. అన్నీ కలిసి ముక్కను లోపలికి దొర్లించాయి. మధ్యలో గీతలా ఉన్న నోరు విచ్చుకుంది, ఎవరికీ తెలియకుండా జేబులో పెట్టుకున్నట్టు ముక్క మాయమైంది.

"తిందే!" అన్నారు అత్తగారు. టార్చి కదిలిపోయింది.

"అమ్మా, వెలుతురు!"

ఆ పూట ఐదు తిన్నాయి. రెండు ముట్టుకోలేదు. వారం తర్వాత ఆ రెంట్లో ఒకటి పోయింది. మా ఆవిడ నోట్‌బుక్‌లో ఆరు అని రాసి, పెన్ను పక్కన పెట్టి, కాసేపు వంటింట్లో గిన్నెలు శబ్దం చేస్తూ కడిగింది. పై ఆదివారం ఆరు. ఆపై ఆదివారం కూడా ఆరే. వారానికి రెండు రొయ్యలు తెస్తూనే ఉన్నాను. కౌంటరు కుర్రాడు నన్ను చూడగానే చేత్తో రెండు వేళ్ళు చూపించేవాడు.

ఆగస్టులో ఒకరోజు నేను గ్యారేజీలో ఉండగా ఇద్దరి మాటలూ ఒకేసారి వినపడ్డాయి. వెళ్ళి చూస్తే, రెండు గిన్నెల మధ్య పాకిన పొర మీద తెల్లటి చుక్క. గసగసాల గింజంత. మా ఆవిడ గాజుకు కళ్ళు ఆనించి కదలకుండా ఉంది.

"నోరుందా దానికి?" అని అడిగారు అత్తగారు.

"ఉన్నట్టే ఉందమ్మా. ఇప్పుడే విచ్చుకుంటోంది."

"అయితే బాబూ," అన్నారు నా వైపు తిరిగి, "దానికి ఇంకాస్త సన్నగా కోసుకురండి."